సర్టిఫికెట్ సంగతి తర్వాత, ముందు ఆయాను పిలవండి

ప్రశ్న: నేను చిత్తూరులో ఒక ప్రైవేటు ఎముకల ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టుని. తిరుపతిలో బీపీటీ పూర్తిచేసి నాలుగేళ్లయింది. ఏడాదిగా మా దగ్గరికి వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లు ఎక్కువగా వస్తున్నారు. ఆపరేషన్ తిరుపతిలోనో వేలూరులోనో చెన్నైలోనో అవుతుంది, తర్వాత ఇంటికి దగ్గరని మా దగ్గర చేరుస్తారు. ఇక్కడ ఉన్నది నేను, ఇద్దరు నర్సులు, ఒక ఆయా, ఒక వార్డ్ బాయ్. ఈ విషయం మీద కాలేజీలో విన్నది కొద్ది క్లాసులే. రెండు వీకెండ్లలో ‘స్పైనల్ రీహాబ్ స్పెషలిస్ట్’ సర్టిఫికెట్ ఇస్తామని ఒక సంస్థవాళ్లు అంటున్నారు, ఫీజు 35 వేలు. చేరమంటారా? ఉద్యోగం మానకుండా ట్రైనింగ్ ఎక్కడ దొరుకుతుంది? ఈ రంగంలో నాకు తెలిసినవాళ్లు లేరు. కాన్ఫరెన్సుకి వెళ్తే ఇంగ్లిష్‌లో మాట్లాడాలని టెన్షన్. ఇప్పుడున్న కుర్రాడు మామిడిచెట్టు మీంచి పడ్డాడు, టీ4 దగ్గర దెబ్బ. ‘నడుస్తానా మేడం’ అని రోజూ అడుగుతాడు, ఏం చెప్పాలో తెలియడం లేదు. మధ్యాహ్నాలు తలనొప్పి అంటాడు, ముఖం ఎర్రబడి చెమటలు పడతాయి. ఎండకేమో అనుకుంటున్నాం.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న మీరు అడగని ప్రశ్న. ఆ చివరి వాక్యం చదివాక ఇక్కడ జవాబు రాసేదాకా ఆగలేక మీకు ఫోన్ చేసిన సంగతి మీకు తెలుసు. మిగతా పాఠకుల కోసం అదే మళ్లీ చెబుతున్నాను.

టీ6కి, అంటే ఛాతీ వెనక ఆరో పూసకి, పైన వెన్నుపాము దెబ్బతిన్న మనిషికి తలనొప్పి వచ్చి, ముఖం ఎర్రబడి, దెబ్బకు పైభాగాన చెమటలు పడితే ముందు అనుమానించాల్సింది ఎండను కాదు, ‘అటనామిక్ డిస్‌రిఫ్లెక్సియా’ను. కింద ఎక్కడో ఒక ఇబ్బంది ఉంటుంది. మూత్రాశయం నిండిపోయి ఉండొచ్చు, మలం గట్టిపడి ఉండొచ్చు, కాలి గోరు లోపలికి దిగి ఉండొచ్చు. ఆ కబురు మెదడుకు చేరదు. శరీరం మాత్రం తనంతట తాను రక్తనాళాలను బిగించేస్తుంది, బీపీ ఎగబాకుతుంది. ఇలాంటివాళ్ల మామూలు బీపీ పైఅంకె 90, 110 మధ్య ఉండటం సహజం. అందుకే 140 చూసి ‘ఫరవాలేదు’ అనుకోకూడదు. వాళ్ల మామూలు అంకె మీద 20 నుంచి 40 పెరిగినా ప్రమాదమే, వదిలేస్తే మెదడులో రక్తస్రావం దాకా పోవచ్చు. వెంటనే కూర్చోబెట్టాలి, కాళ్లు కిందికి వేలాడదీయాలి, పడుకోబెట్టకూడదు. బెల్టు, పట్టీ, బిగుతు బట్టలు వదులు చేయాలి. మూత్రం ట్యూబు ఎక్కడైనా మడతపడిందా, సంచి నిండిందా చూడాలి. రెండు మూడు నిమిషాలకోసారి బీపీ చూస్తూ ఉండాలి, ఈలోగా డాక్టరుకి ఫోన్ పోవాలి. ట్యూబు బాగానే ఉంటే తర్వాత చూడాల్సింది మలద్వారం, అదీ డాక్టరు చెప్పినట్టు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో నేనూ ఎండనే అనుకున్నాను. అప్పట్లో పనిచేసిన చోట ఇలాంటి పేషెంటే తల పగిలిపోతోందంటే ఫ్యాను కిందికి జరిపి, మాత్ర ఇప్పించి, చదును బల్లమీద పడుకోబెట్టి వ్యాయామం మొదలుపెట్టాను. చేయకూడనిది సరిగ్గా అదే. గది ఊడ్వడానికి వచ్చిన ఆయా ఒక చూపు చూసి, “ట్యూబు తొడకింద ఇరుక్కోనుండాది మేడం” అంది. తీసి సరిచేస్తే సంచి అలా నిండుతూనే పోయింది. పది నిమిషాల్లో తలనొప్పి తగ్గింది. ఆ రోగం పేరు ఆమెకు తెలియదు. ట్యూబు చూడాలని నాకు తెలియదు. డిగ్రీ నాది.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు నా జవాబు: ట్రైనింగ్ మీ ఒక్కరికీ కాదు, ఆ అయిదుగురికీ కావాలి. వెన్నుపాము పేషెంటుతో మీరు గడిపేది రోజుకు గంట. మిగతా ఇరవై మూడు గంటలు నర్సు, ఆయా, వార్డ్ బాయ్, ఇంటివాళ్లు చూసుకుంటారు. రాత్రి రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే పిరుదు మీద పుండు పడుతుంది. పుండు పడితే నెలల తరబడి కూర్చోబెట్టలేరు, అప్పుడు మీరు నేర్చుకున్న వ్యాయామాలన్నీ పుస్తకంలోనే ఉంటాయి.

ఇక ఆ 35 వేల కోర్సు. నేనైతే చేరను. చేరాలని మనసు లాగుతుంటే వాళ్లకు ఫోన్ చేసి మూడు సంగతులు కనుక్కోండి. పాఠం చెప్పేవాళ్లు ప్రస్తుతం ఏ వార్డులో ఈ పేషెంట్లను చూస్తున్నారు? కోర్సులో నేను నిజమైన పేషెంటును పరీక్షిస్తానా, స్లైడ్లు చూసి ఇంటికి వస్తానా? ఈ ‘స్పెషలిస్ట్’ అన్న మాటను గుర్తించేది ఎవరు? ఫిజియోథెరపీ ఇప్పుడు 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ కమిషన్ చట్టం కిందికి వస్తుంది. కాలిపర్లు, కృత్రిమ కాళ్లు చేసేవాళ్లు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కిందికి వస్తారు. రెండు శనాదివారాలు కూర్చున్నంత మాత్రాన బోర్డు మీద స్పెషలిస్ట్ అని రాసుకునే వీలు ఎవరూ ఇవ్వరు. మూడో ప్రశ్నకు అవతలివాళ్లు నసిగితే మీ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.

ఉచితంగా దొరికేది, పైగా మంచిది ఒకటుంది. వెన్నుపాము వైద్యుల అంతర్జాతీయ సంఘం ఇస్కాస్ 2012లో ‘ఈలెర్న్ ఎస్‌సీఐ’ అనే ఆన్‌లైన్ పాఠాలు పెట్టింది. పని నడిపించినవాళ్లలో ఢిల్లీ వసంత్ కుంజ్‌లోని ఇండియన్ స్పైనల్ ఇంజురీస్ సెంటర్ డాక్టర్లు ముందున్నారు. డాక్టర్లకు, నర్సులకు, ఫిజియోలకు, ఆక్యుపేషనల్ థెరపిస్టులకు, సోషల్ వర్కర్లకు వేర్వేరుగా పాఠాలున్నాయి. అన్నట్టు ఆ ఢిల్లీ సెంటరు పెట్టిన మేజర్ అహ్లువాలియా 1965 మే నెలలో ఎవరెస్ట్ ఎక్కిన మనిషి. అదే ఏడాది పాకిస్తాన్ యుద్ధంలో తూటా తగిలి వీల్‌చైర్‌లోకి వచ్చారు.

ఈ పాఠాలను మీరు రాత్రి ఇంట్లో ఒంటరిగా చూస్తే మీ ఆస్పత్రికి ఒరిగేది తక్కువ. వారానికో రోజు, పేషెంట్లు భోజనాలయ్యి కునుకు తీసే వేళ, అరగంట పెట్టుకోండి. ముందు మీ పాఠం కాదు, నర్సుల పాఠం తెరవండి. స్లైడు ఇంగ్లిష్‌లో ఉంటుంది, మీరు తెలుగులో చెప్పండి. ‘బ్లాడర్ మేనేజ్‌మెంట్’ అంటే ఆయా తల ఊపి వెళ్లిపోతుంది. ‘ఒంటేలు సంచి ఎప్పుడూ నడుముకన్నా కిందే వేలాడాలి, మంచం మీద పెట్టొద్దు’ అంటే రేపటి నుంచి చేస్తుంది. ఆయాకు టీ ఇచ్చి కుర్చీలో కూర్చోబెట్టండి, గుమ్మం దగ్గర నిలబడి వినమనకండి. ఆమెను కూడా చెప్పమనండి. పేషెంటు ఏ పక్కకు తిప్పితే మూలుగుతాడో, ఏ పూట మోషన్ అవుతుందో కేస్ షీటుకన్నా ఆమెకే ఎక్కువ తెలుసు.

మూత్రం ట్యూబు విషయం ఇంకొంచెం. మన దగ్గర చాలామందిని నెలల తరబడి లోపలే ఉండిపోయే ఫోలీ ట్యూబుతో ఇంటికి పంపేస్తారు, జ్వరాలతో మళ్లీ వస్తారు. చేతులు పనిచేసే పేషెంటు తనకు తానే శుభ్రంగా ట్యూబు పెట్టి మూత్రం తీసి, ట్యూబు బయటికి తీసేసే పద్ధతిని అమెరికాలో ల్యాపిడస్ అనే యూరాలజిస్టు 1972లో ప్రచారంలోకి తెచ్చాడు. ఆపరేషన్ థియేటరులో ఉండేంత సూక్ష్మజీవి రహితం అక్కర్లేదు, చేతులూ ట్యూబూ శుభ్రంగా ఉంటే చాలని ఆయన చూపించాడు. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి తీయాలి, మూత్రాశయంలో ఎప్పుడూ అర లీటరు దాటనివ్వకూడదు. యాభై ఏళ్లు దాటిన పద్ధతి ఇది. మీ దగ్గరున్న కుర్రాడికి సరిపోతుందా లేదా చెప్పాల్సింది యూరాలజిస్టు. ఆ ప్రశ్న ఆయన దాకా తీసుకెళ్లాల్సింది మాత్రం మీరే.

మీరు సొంతంగా, పక్కాగా నేర్చుకోవాల్సింది ఒకటే ముందు చెబుతాను: ఏషియా పరీక్ష. పేరు చూసి ఆసియా అనుకోకండి, అమెరికన్ స్పైనల్ ఇంజురీ అసోసియేషన్ పొడి అక్షరాలు అవి. ఒక్కో పక్క 28 చోట్ల దూదితో, పిన్నుతో స్పర్శ చూస్తారు. ఒక్కో పక్క పది కండరాలకు సున్నా నుంచి అయిదు దాకా మార్కులు వేస్తారు, రెండు పక్కలా కలిపి వంద. చివరికి ఎ నుంచి ఇ దాకా గ్రేడు. ఫారం ఉచితంగా దొరుకుతుంది. మన దగ్గర ఎక్కువగా ఎగ్గొట్టేది ఆఖరి అంచె, మలద్వారం దగ్గర స్పర్శ, బిగింపు చూడటం. సిగ్గుతో వదిలేస్తారు. అది చూడకుండా దెబ్బ పూర్తిదా కాదా, గ్రేడు ఎ నా బి నా చెప్పలేం. ఆ ఒక్క అక్షరం మీదే ‘నడుస్తానా’ అన్న ప్రశ్నకు సగం జవాబు ఉంది. మీకు ఇబ్బందిగా ఉంటే మీ డాక్టరును చూడమనండి, కారణం చెప్పి పేషెంటు ఒప్పుకున్నాకే చేయాలి. చూసినట్టో చూడనట్టో ఫారం మీద రాయండి. ఖాళీగా మాత్రం వదలొద్దు.

కళ్లారా చూడటానికి ఢిల్లీ పోనక్కర్లేదు. చిత్తూరులో బస్సెక్కితే గంటకు అటూ ఇటుగా వేలూరు. సీఎంసీ వాళ్ల రీహాబిలిటేషన్ విభాగం ఊరి బయట బాగాయంలో ఉంది. డాక్టర్ మేరీ వర్గీస్ పేరు విన్నారా? 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడిపోయింది. వీల్‌చైర్‌లో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. న్యూయార్క్ వెళ్లి ఈ వైద్యం చదువుకొని వచ్చి విభాగం నిలబెట్టింది. 1966లో తెరిచిన ఆ రీహాబ్ సంస్థ నేటికీ నడుస్తోంది. మన జిల్లాల పేషెంట్లు అక్కడ ఎందరో, వార్డులో తెలుగు వినబడుతూనే ఉంటుంది. వారం పది రోజులు పక్కన నిలబడి చూసే అవకాశం ఇస్తారేమో విభాగానికి మీ ఆస్పత్రి లెటర్‌హెడ్ మీద రాసి అడగండి. ‘నేర్చుకోవాలని ఉంది’ అని రాస్తే పక్కన పెట్టేస్తారు. ‘మీరు డిశ్చార్జ్ చేసిన పేషెంట్లు మా ఊరికే వస్తున్నారు, మీరు మొదలుపెట్టింది చెడిపోకుండా కొనసాగించాలని ఉంది’ అని రాయండి. అది వాళ్ల అవసరం కూడా. ఒక నర్సును వెంట తీసుకెళ్లడం మరిచిపోకండి. పాత పేషెంట్లంతా తిరిగి వచ్చి కలుసుకునే రీహాబ్ మేళా ఒకటి అక్కడ జరుపుతారు, తేదీ కనుక్కొని ఆ రోజుల్లో పోగలిగితే మరీ మంచిది. గాయమై ఇరవై ఏళ్లైనవాళ్లు ఎలా బతుకుతున్నారో చూడకుండా, గాయమై ఇరవై రోజులైన కుర్రాడికి మనం ఏం చెప్పగలం?

తెలిసినవాళ్లు ఎవరూ లేరన్నారు. తిరుపతిలో చదివిన మనిషి ఆ మాట అనకూడదు. స్విమ్స్‌లో న్యూరోసర్జరీ ఉంది, ఫిజియోథెరపీ కాలేజీ ఉంది. రుయాకు జిల్లా నలుమూలల నుంచి యాక్సిడెంట్ కేసులు వస్తాయి. టీటీడీ నడిపే ఎముకల ఆస్పత్రి బర్డ్‌లో కాలిపర్లు కొలిచి చేసేవాళ్లున్నారు. మీ బ్యాచ్‌మేట్లు వీటిలో ఎక్కడో ఒకచోట ఉండే ఉంటారు. వాళ్లకు ‘హాయ్, ఎలా ఉన్నావ్’ అని కాకుండా పనిమీద ఫోన్ చేయండి: ‘మీ దగ్గర ఆపరేషన్ అయిన ఫలానా పేషెంటు మా దగ్గరికి వచ్చాడు. కూర్చోబెట్టమన్నారా, బ్రేసు ఎన్నాళ్లు? డిశ్చార్జ్ సమ్మరీలో లేదు’. నాలుగుసార్లు ఇలా అడిగితే అయిదోసారి వాళ్లే ముందు ఫోన్ చేస్తారు. తర్వాత మెల్లగా ఒక పేజీ ఫారం మీరే తయారుచేసి పంపండి: దెబ్బ ఎక్కడ, గ్రేడు ఎంత, మామూలు బీపీ ఎంత, ట్యూబు ఎప్పుడు మార్చారు, పుండ్లు ఉన్నాయా, ఇంటి గుమ్మానికి మెట్లెన్ని. ఎనిమిది, పది మంది ఆ ఒక్క పేజీ నింపడం మొదలుపెడితే అదే మీ సంఘం. దానికి అధ్యక్షుడు, శాలువాలు అక్కర్లేదు.

వాట్సాప్ గ్రూపు ఎలాగూ పెట్టుకుంటారు. పొద్దున్నే పూల బొమ్మలు పంపేవాణ్ని మొదటి వారమే తీసేయండి. పేషెంటు పేరు, ముఖం, ఆస్పత్రి నంబరు ఉన్న ఫోటో ఎవరూ పెట్టకూడదు. పుండు ఫోటో పెట్టినా పేషెంటును అడిగే పెట్టాలి. అందులో ఊళ్లోని సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటుగా చేసే ఒకరినీ చేర్చండి. పూర్తిగా మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్లకు మన రాష్ట్రంలో 2024 జులై నుంచి నెలకు 15 వేల పింఛను ఉంది. దానికి సదరం సర్టిఫికెట్ కావాలి. పేషెంటు ఇంటివాళ్లు ఆ సంగతి మిమ్మల్నే అడుగుతారు, ఫిజియో అంటే వాళ్ల దృష్టిలో ఆస్పత్రిలో తీరిగ్గా మాట్లాడే ఒకే ఒక్క మనిషి. పుత్తూరు కట్టు సంగతీ మిమ్మల్నే అడుగుతారు. వెక్కిరించకండి. చేయి విరగడం వేరు, వెన్నుపాము నలగడం వేరు అని ఎక్స్‌రే చూపించి చెప్పండి, వింటారు.

మీకు ఇంకో ఉపాయం. తిరుపతిలో ఉన్నామంటే దర్శనం టికెట్లు దొరుకుతాయా అని అడగని బంధువు ఉండడు, మీకూ అనుభవమే అయ్యుంటుంది. ఆ బంధువుల్లాగే ఈ రంగంలో పెద్దవాళ్లూ దేశం నలుమూలల నుంచి కొండకు వస్తారు. ఎవరు ఎప్పుడు వస్తున్నారో స్విమ్స్‌లోనో బర్డ్‌లోనో ఎవరికో ఒకరికి ముందే తెలుస్తుంది. దిగి వచ్చిన రోజు సాయంత్రం ఒక గంట, ఒక గది, పదిహేను మంది, ఇద్దరు పేషెంట్ల కేసులు. స్వామి దర్శనం అయినవాళ్లు ఆ పూట కాదనరు. టికెట్లు ఇప్పిస్తామని మాత్రం ఒప్పుకోకండి, ఆ తలనొప్పికి మందు లేదు.

దేశం దాటి చూడాలనుకుంటే ఆస్కాన్ ఉంది, ఆసియా దేశాల వెన్నుపాము నెట్‌వర్క్. 2001లో ఢాకాలో పుట్టింది. ఢాకా ఎందుకంటే దగ్గరే సావర్‌లో సీఆర్‌పీ అనే పెద్ద కేంద్రం ఉంది. దాన్ని మొదలుపెట్టిన వాలెరీ టేలర్ మీలాగే ఫిజియోథెరపిస్టు. 1979లో ఒక ప్రభుత్వాస్పత్రి ఆవరణలో వాడకుండా పడేసిన సిమెంటు గోదాములో నలుగురు పేషెంట్లతో మొదలుపెట్టింది. మీ యాజమాన్యం వెనక స్టోర్‌రూమ్ చూపించి ‘ఇందులో చేసుకో’ అన్నప్పుడు గుర్తుంచుకోండి.

కాన్ఫరెన్సులో ఇంగ్లిష్ గురించి భయం నాకూ ఉండేది, పోలేదు. వేదిక మీద ఎవరూ మిమ్మల్ని మాట్లాడమనరు. టీ తాగేచోట ఒక వాక్యం చాలు: ‘మా దగ్గర ఇద్దరే నర్సులు, రాత్రి పక్క మార్చడం ఎలా?’ అది ఏ భాషలో అడిగినా అవతలివాళ్లు పదినిమిషాలు మాట్లాడతారు, వాళ్లనూ ఆ ప్రశ్నే తింటోంది.

సెలవు కోసం యాజమాన్యాన్ని ఒప్పించాలంటే అంకెలు చూపించాలి. స్కిమ్ అని ఒక కొలత ఉంది, సున్నా నుంచి వంద దాకా. తినడం, స్నానం, మూత్రం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, ఇలా ఎంతవరకు సొంతంగా చేసుకోగలడో మార్కులు వేస్తారు. చేరిన రోజు వేయండి, పంపేరోజు వేయండి. ఆర్నెల్ల తర్వాత ఆ కాగితాలతో వెళ్లి వేలూరుకు పదిరోజులు అడగండి.

ఇక ఆ కుర్రాడు. ‘నడుస్తావు’ అని చెప్పకండి. ‘నడవలేవు’ అని గుమ్మంలో నిలబడి చెప్పకండి. గ్రేడు తేలాక డాక్టరు, మీరు, అతని అమ్మానాన్న కూర్చొని, తెలిసింది ఇంత, తెలియంది ఇంత అని చెప్పండి. ఒకసారి చెబితే అయిపోదు, రేపూ అడుగుతాడు. అప్పుడు మనకన్నా బాగా జవాబు చెప్పగలిగేది ఆ ప్రశ్న అడిగి అడిగి దాటి వచ్చినవాడే. పలమనేరు వైపు నాకు తెలిసిన ఒకాయన ఉన్నాడు, నా పాత పేషెంటు. చింతచెట్టు మీంచి పడ్డాడు, ఇప్పుడు వీల్‌చైర్‌లోనే సెల్‌ఫోన్ రిపేరు దుకాణం నడుపుతున్నాడు. నిన్న ఫోన్ చేసి మీ కుర్రాడి సంగతి చెప్పాను, పేరు చెప్పలేదు. ఆదివారం మధ్యాహ్నం దుకాణం మూస్తాడట, ఆటోలో వస్తానన్నాడు. ఫోన్ పెట్టేసే ముందు ఒకటే అడిగాడు, మీ ఆస్పత్రి గుమ్మానికి మెట్లా, ర్యాంపా అని. నేను చెప్పలేకపోయాను. చూసి చెప్పండి.